ఇంటిగాలిలో కానరాని కీడు - రేడాను



వేసవియందు మన నల్లరేగడి చేలు నెఱ్ఱెలు విచ్చుట యెల్లరును ఎఱిగినదే. అట్టి నెఱ్ఱెలగుండ భూగర్భమునుండి కొన్ని వాయువులు వెలువడుచుండును. వానిలో రేడాను ఒకటి. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కావుననే దానినిగూర్చి తెలిసికొనవలసి యున్నది.

యురేనియము అను లోహము రాళ్లలోను మంటిలోను స్వల్పముగా నెల్లయెడల నుండును. కడప జిల్లాయందలి తుమ్మలపల్లెలో దానిని గనినుండి త్రవ్వి తీయుచున్నారు. ఇంద్రకీలాద్రి శిలలందును, కృష్ణానది తెచ్చి పఱచిన ఒండ్రునందును గని త్రవ్వదగినంత లేకున్నను, లేశమాత్రమైన నుండక మానదు. యురేనియము క్రమముగా క్షయించి రేడియమగును. రేడియము క్షయించి రేడాను వాయువగును.

ఈ వాయువు ఆరుబయట గాలిలో కలిసి పలుచబడును. ఇంటి నేలబీటలగుండ లోనికి వచ్చి, మూసిన గదిలో చిక్కినచో పేరుకొనును. దానినుండి పుట్టు సూక్ష్మకణములు శ్వాసతో ఊపిరితిత్తులకు చేరి, అచ్చట కిరణములను వెలువరించి, ఏండ్లు గడచినపిదప క్యాన్సరునకు కారణము కావచ్చును. ఘనమీటరు గాలిలో సెకనునకు 100 రేడాను పరమాణువులకంటె ఎక్కువ క్షయింపకుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించెను. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారికి ఈ వాయువువలన కలుగు అపాయము త్రాగనివారికంటె సుమారు 25 రెట్లు అధికమని ఆ సంస్థయే తెలుపుచున్నది.

పూర్వపు మండువా లోగిళ్లలో ఇంటినడుమ ఆకాశము కనబడుచుండెను. గాలికి అడ్డు లేకుండెను. నేడు కిటికీలు బిగించి ఏసీ గదులలో నిద్రించువారు పెక్కురు. సాధారణముగా ఆ యంత్రము గదిలోని గాలినే త్రిప్పి చల్లబఱచునుగాని, క్రొత్తగాలిని తేదు. ఈ సంగతి మఱవరాదు.

ఇందులకు భయపడనక్కఱలేదు, జాగ్రత్త చాలును. ప్రతిదినము ఉదయసాయంకాలములందు ఎదురెదురు కిటికీలు తెఱచి యుంచవలెను. నేలయందలి బీటలను, గొట్టములు దిగినచోటి సందులను సిమెంటుతో పూడ్చవలెను. క్రొత్త యిల్లు కట్టువారు గది గదికి గాలి వచ్చు త్రోవయు, పోవు త్రోవయు విడువవలెను. పొగాకు త్రాగుట మానవలెను. ప్రక్కప్రక్క యిండ్లలోనైనను ఈ వాయువు సమముగా నుండదు, కొలిచినగాని తెలియదు. కొలుచుటకు చిన్న సాధనములు గలవు. వానిని కొన్ని నెలలు గదిలో నుంచి పరీక్షింతురు.

గాలికి వెల లేదు. దానిని ఇంటిలోనికి రానిచ్చుటకు తలుపు తెఱచు శ్రమయే చాలును.