విరిగిన ఇనుముకీ ఒక విలువుంది

పోయిన ఉగాదినాడు భోజనాలయ్యాక మా మనవడు నా పక్కన చేరి, "తాతయ్యా, మీరు మిల్లులో ఏం పని చేసేవారు?" అని అడిగాడు. "విరిగినవాటిని అతికేవాణ్ణిరా" అన్నాను. "విరిగితే కొత్తది కొనుక్కోవచ్చు కదా?" అన్నాడు వాడు. వాడికి అప్పుడు సగమే చెప్పగలిగాను. మిగతా సగం చదువరులందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 1888లో స్టేన్స్ దొర మిల్లుతో ఈ ఊళ్లో నూలు పరిశ్రమ మొదలైంది. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లులు వరసగా లేచాయి. నల్లరేగడిలో పత్తి పండించిన కుటుంబాల పిల్లలే ఆ పత్తిని వడికే మిల్లుల్లోకి వెళ్లారు. మిల్లుల వెనకాలే లేత్ పట్టరైలు, ఫౌండ్రీలు, పంపుసెట్ల కార్ఖానాలు పుట్టాయి. నేను 1972లో పంతొమ్మిదేళ్ల వయసులో ఒక మిల్లులో ఫిట్టరు అప్రెంటిసుగా చేరాను.

1983లో జరిగిన సంగతి ఇది. విదేశం నుంచి వచ్చిన పాత యంత్రం ఒకటి ఉండేది. దాని గేరుబాక్సు పెట్టె జానెడు పొడవున చీలింది. పోత ఇనుముతో చేసిన పెట్టె. కొత్తది రావాలంటే నెలలు పడుతుంది. యంత్రం ఆగితే ముందు నష్టపోయేది బద్లీ కార్మికులు. పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి, పని లేదంటే ఖాళీ టిఫిను డబ్బాతో కాదు, నిండు డబ్బాతో ఇంటికి పోవాలి. ఆ రోజు అలా వెనక్కి వెళ్లినవాళ్లలో నా చిన్ననాటి స్నేహితుడు కూడా ఉన్నాడు.

ఆ తొందరలో నేను మామూలు ఉక్కు కడ్డీతో, వేడి చెయ్యకుండా, ఒక్క ఊపున వెల్డింగు లాగేశాను. చూడటానికి ముచ్చటగా వచ్చింది. చల్లారుతుండగా 'టక్'మని శబ్దం. అతుకు పక్కనే కొత్త చీలిక! పైవాళ్లు దాన్ని తుక్కు కింద తూచి అమ్మేయమన్నారు. ఒక్కరోజు గడువడిగి, దాన్ని బండిమీద వేసుకుని మా బంధువైన ఒక మేస్త్రీ పట్టరైకి తీసుకుపోయాను.

ఆయన దాన్ని చుట్టూ తడిమి చూసి, "ఏమ్రా అబ్బాయ్, ఉక్కుకి చేసే వైద్యం పోతకి చేస్తివే" అన్నాడు.

"తొందరపడ్డాను మామా" అన్నాను.

"నువ్వు తొందరపడొచ్చు. ఇది పడదు."

ముందు చీలిక మీద కిరసనాయిలు రాసి, తుడిచి, పైన సుద్ద పూశాడు. కాసేపటికి లోపల ఇంకిన నూనె సుద్ద మీదికి గీతలా ఊరింది. నా కంటికి కనబడినదానికంటే చీలిక రెండంగుళాలు ఎక్కువే ఉంది. దాని రెండు కొసల దగ్గర చిన్న బెజ్జాలు వేశాడు. వాడి కొస ఉన్న చీలిక ముందుకు పాకుతుంది, గుండ్రటి బెజ్జం దగ్గర ఆగుతుంది. తర్వాత చీలిక పొడవునా గాడి తీసి, పెట్టెనంతా నెమ్మదిగా వేడి చేశాడు. నికెల్ కడ్డీతో ఒక అంగుళం అతకడం, చిన్న సుత్తితో మెల్లగా తట్టడం, కాస్త ఆగడం, మళ్లీ వేరే చోట ఒక అంగుళం. అంతా అయ్యాక సున్నప్పొడిలో పాతిపెట్టి, "రేప్పొద్దున దాకా ముట్టుకోవద్దు" అన్నాడు.

కారణం నాకు తర్వాత తెలిసింది. పోత ఇనుములో బొగ్గు పదార్థం నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లుంటుంది. అది సన్నని రేకుల్లా లోపల పరుచుకుని ఉంటుంది. అందుకే పోత ఇనుము బరువు మోస్తుంది గానీ సాగదు. వెల్డింగు వేడి తగిలినచోటు ఒక్కసారిగా చల్లారితే గాజులా పెళుసెక్కి, కుంచించుకునేటప్పుడు పగులుతుంది. ఆ పెట్టె మూడోరోజున మళ్లీ యంత్రమెక్కింది. నా స్నేహితుడికి పని దొరికింది. నేను 2011లో పదవీ విరమణ చేసేనాటికి ఆ యంత్రాన్ని తీసేశారు గానీ, తీసిన రోజున కూడా ఆ అతుకు చెక్కు చెదరలేదు.

అతకలేనివాటికీ విలువుంది. మా మిల్లు పెరట్లోని గుట్టనంతా ఒకే ధరకి తూచుకుపోయే తుక్కు వ్యాపారి ఉండేవాడు. మేస్త్రీ మామ చెప్పాక నేను దాన్ని వేరుచేయించడం మొదలుపెట్టాను. మొదట అయస్కాంతం. ఇనుము, ఉక్కు అంటుకుంటాయి. రాగి, ఇత్తడి, గన్‌మెటల్, అల్యూమినియం అంటుకోవు. తర్వాత సానరాయి. ఉక్కు చుక్కలు చుక్కలుగా పేలే వెలుగురవ్వలు విసురుతుంది. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా మసకబారి ఉంటాయి. లేత్ పనిముట్టు కొసన ఉండే కార్బైడు ముక్క చూపుకి గోరంతే గానీ ఇనుముకి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. టంగ్‌స్టన్ ఉన్నందువల్ల ఇనుముకంటే ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. అది అంతకుముందు ఊడ్చిన చెత్తలో పోయేది! అరిగిన గన్‌మెటల్ బుష్షులు కరిగించి మళ్లీ పోయవచ్చు. తగరం, ఆంటిమొనీ కలిసిన తెల్ల లోహపు బేరింగులూ అంతే. విరిగిన పోత ఇనుము ఫౌండ్రీ కొలిమిలో పడి పంపు పెట్టెగా తిరిగొస్తుంది. మొదటిసారి వేరుచేసి అమ్మినప్పుడు వచ్చిన అదనపు డబ్బుతోనే స్టోర్సుకి నికెల్ కడ్డీలు కొనిపించాను.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. కాలిపోయిన మోటార్ల రాగితీగని తీయడానికి పూత వదలాలని ఆరుబయట తగలబెట్టేవాళ్లం. ఆ పొగ విషమని అప్పుడు పట్టించుకోలేదు. ఎవరూ అలా చేయకండి. అన్నిటినీ అతకకూడదు కూడా. క్రేను కొక్కెం, బరువులెత్తే గొలుసు, బీటవారిన సానరాయి – ఇవి చెడితే తీసేయడమే. మిగిల్చిన రూపాయికంటే మనిషి ప్రాణం పెద్దది.

మా ఊరి జి.డి. నాయుడు గారు (1893–1974) యువకుడిగా ఒక మోటారు సైకిలు కొని, దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారని అందరూ చెప్పుకుంటారు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరుపొందినదాన్ని ఆయన, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లో తయారుచేశారు. విప్పి చూసే అలవాటే ఈ ఊరికి అన్నం పెట్టింది.

ఇళ్లల్లో ఉన్నవాళ్లకీ ఇందులో పనికొచ్చే మాటలున్నాయి. గ్రైండరు మోటారుకో, బావి మోటారుకో కొత్త తీగ చుట్టించేటప్పుడు పాత రాగి ఎంత తూగిందో అడగండి, దాని ధర కూలిలో తగ్గించమనండి. పాత బేరింగు పారేసేముందు దానిమీది నంబరు రాసిపెట్టుకోండి.

మేస్త్రీ మామకి తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. ఆయన చేతిలో ఉన్నదంతా ఆయనతోనే పోయింది. నా కంటబడిన కాస్తే పైన రాశాను. మీ ఇళ్లల్లోనూ మగ్గం దగ్గరో, కొలిమి దగ్గరో, లేత్ దగ్గరో బతికిన పెద్దలుంటారు. వాళ్లు ఓపికగా కూచున్న ఒక సాయంత్రం, "మామా, అది ఎలా చేసేవాడివి?" అని అడిగి రాసిపెట్టుకోండి. మా మనవడు ఇప్పుడు సుద్దముక్క పట్టుకుని ఇంట్లో ప్రతి పాత వస్తువు మీదా చీలికలు వెతుకుతున్నాడు.