ట్రాన్స్‌ఫర్‌లో పోని సామాను

మా క్లాసులో ఎవరిని అడిగినా మూడు నాలుగు ఊళ్ళ పేర్లు చెబుతారు. విశాఖపట్నం, నాగపూర్, జోర్హాట్, ఇప్పుడు సూరత్. నాన్నకో అమ్మకో ఆర్డర్ వస్తుంది. తర్వాత అట్టపెట్టెలు, ఆ వెనకే లారీ. కొత్త క్వార్టర్‌లో గ్యాస్ కనెక్షన్ కన్నా ముందు వైఫై పెట్టించమని గోల చేసేది మేమే. ఎందుకంటే ఊరు మారినా మారనిది ఫోన్ ఒక్కటే. జామెట్రీ బాక్స్ కావాలంటే పది నిమిషాల్లో గుమ్మం ముందుకు వస్తుంది. వీడియో నచ్చకపోతే వేలితో పైకి తోస్తే చాలు, ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

ఇందులో తప్పేముందని అనుకునేవాళ్ళం. కానీ ఈమధ్య మమ్మల్ని మేమే గమనించుకున్నాం. లెక్క రెండు నిమిషాల్లో తేలకపోతే పుస్తకం వెనక జవాబు చూస్తున్నాం. కథ మొదలుపెడితే పదో పేజీ దాటడం లేదు. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే కోపం వస్తుంది. కోపం పక్కనపెట్టి, ఓపిక ఎక్కడికి పోతోందో చూద్దామనుకున్నాం.

మొదటి కారణం ఫోన్ తయారైన తీరు. పుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది, అక్కడ ఆగుతాం. ఫోన్‌లో వీడియోల వరుసకు చివర ఉండదు, కాబట్టి ఆగే చోటూ ఉండదు. పైగా తర్వాత వచ్చేది బాగుంటుందో లేదో ముందే తెలియదు. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. మీట నొక్కితే గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు ఆ జీవులు ఆపకుండా నొక్కుతూనే ఉండేవి. మన వేలు చేస్తున్నదీ అదే.

రెండో కారణం మాకు మరీ దగ్గరది. 1960ల చివర వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో ఒక పరీక్ష మొదలుపెట్టారు. పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, "నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తాను" అని చెప్పేవారు. ఆగగలిగిన పిల్లలు తర్వాత చదువులో బాగా రాణించారని ఆయన బృందం రాసింది. అయితే 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల వివరాలు చూసినవాళ్ళకు ఆ సంబంధం చాలా బలహీనంగా కనిపించింది. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే అది మరింత తగ్గింది.

మధ్యలో, 2013లో, రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చువేసిన ప్రయోగం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. అందులో 28 మంది చిన్నపిల్లలున్నారు. మంచి రంగులు తెచ్చిస్తామని ముందు అందరికీ మాటిచ్చారు. సగం మందికి తెచ్చారు, సగం మందికి తేలేదు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబడిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట పిల్లలు 3 నిమిషాలే ఆగారు. అంటే ఓపిక ఒకరికి పుట్టుకతో వచ్చి ఇంకొకరికి రానిది కాదు. ఆగితే ఫలితం దక్కుతుందన్న నమ్మకం ఉంటేనే ఆగుతాం.

ఇప్పుడు మా సంగతి చూడండి. మందార మొక్క నాటాం, మొగ్గ వేసేసరికి బదిలీ. తబలా క్లాసులో చేరాం, చేయి తిరిగేలోపు బదిలీ. "ఎలాగూ వెళ్ళిపోతాం కదా, మొదలుపెట్టడం ఎందుకు?" అన్న ఆలోచన మాలో చాలామందికి వచ్చింది. ఎప్పుడూ మాట తప్పనిది, అడిగిన వెంటనే ఇచ్చేది ఫోన్ ఒక్కటే అయింది. మాకు ఓపిక తక్కువ కావడం మా తప్పు మాత్రమే కాదు. కానీ దాన్ని అలాగే వదిలేస్తే నష్టపోయేది మాత్రం మేమే.

దీనికి జవాబు మేమున్న ఊళ్ళోనే ఉంది. ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో ఎక్కువ భాగం సూరత్‌లోనే సానపడతారు. వరాఛా, కతార్‌గామ్ వైపు ఎన్నో కార్ఖానాలున్నాయి. అక్కడి పనివాళ్ళను రత్నకళాకార్ అంటారు. గుండ్రని వజ్రానికి మామూలుగా 57 ముఖాలుంటాయి, అడుగు కొనను కూడా సానపడితే 58. వజ్రాన్ని వజ్రమే అరగదీయాలి కాబట్టి తిరిగే చక్రానికి నూనెలో కలిపిన వజ్రపు పొడి పూస్తారు. వజ్రం గట్టితనం అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండదు. ఏ దిక్కున అరుగుతుందో కనిపెట్టి, కొంచెం అరగదీసి, భూతద్దంలో చూసి, మళ్ళీ చక్రం మీద పెట్టాలి. ఒకసారి ఎక్కువ అరిగితే ఆ రాయి తిరిగి అతుక్కోదు. మన కృష్ణా తీరంలోని కొల్లూరులో దొరికిందని చెప్పే కోహినూర్‌ను 1852లో లండన్‌లో 38 రోజులు మళ్ళీ సానపట్టారు. అప్పుడు సుమారు 191 కేరట్ల రాయి 105.6 కేరట్లకు తగ్గింది.

ఈ పనిలోకీ టెక్నాలజీ వచ్చింది. రాయిని ఎలా కోస్తే వృథా తగ్గుతుందో కంప్యూటర్ చూపిస్తుంది. రంపంతో గంటల తరబడి సాగే కోతను లేజర్ త్వరగా ముగిస్తుంది. అక్కడ యంత్రం విసుగు పనిని తగ్గించింది కానీ, చూసి నేర్చుకునే పనిని మనిషి దగ్గర్నుంచి తీసేసుకోలేదు. మేము ఫోన్‌తో దీనికి తలకిందులుగా చేస్తున్నాం. విసుగుతో పాటు నేర్చుకోవడాన్నీ దానికే అప్పగిస్తున్నాం.

ఇంకో మాట. ఈ రత్నకళాకారుల్లో చాలామంది సౌరాష్ట్ర నుంచి వలస వచ్చిన కుటుంబాలవాళ్ళు. లింబాయత్, ఉధనా వైపు మగ్గాల దగ్గర తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు కనిపిస్తారు. వాళ్ళు పొలం, ఇల్లు, చుట్టాలను ఊళ్ళో వదిలి వచ్చారు. చేతిలోని పని మాత్రం వాళ్ళతో వచ్చింది. మందార మొక్క లారీ ఎక్కదు, నిజమే. కానీ తబలా మీద నేర్చిన తాళం, సొంతంగా తేల్చిన లెక్క, చివరిదాకా చదివిన పుస్తకం మాతో పాటు వస్తాయి. వాటికి బదిలీ ఆర్డర్ అడ్డుకాదు.

అందుకే మేము మూడు ఒప్పందాలు చేసుకున్నాం. లెక్క దగ్గర 20 నిమిషాలు కూర్చున్నాకే జవాబు చూడాలి. ఊరు మారినా కొనసాగించగల పని ఒకటి ఎంచుకుని, రోజూ కొంచెమైనా చేయాలి. మూడోది తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ సంబంధించింది: వాళ్ళకిచ్చిన మాట తప్పకూడదు. ఆగితే దక్కుతుందని వాళ్ళు నమ్మాలంటే, ఆ మాట ముందు మా దగ్గర నిలబడాలి.