ఎడారి బుట్టలో రసాయన శాస్త్రం

బుట్టలో పాలు నిలుస్తాయా? అసంభవమనే ఎవరైనా అంటారు. కాని అరేబియా సముద్రతీరాన గల దుక్మ్ రేవుకు పశ్చిమంగా, ఒమాన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్ రాతి ఎడారిలో, ఒంటెలను, మేకలను పెంచి జీవించే హరాసీస్ తెగ స్త్రీలు ఆకులతో అల్లిన పాత్రలలో పాలు పట్టేవారు.

అల్లికకు ముఖ్యమైన ముడిసరుకు ‘గదఫ్’ అనే పొట్టి తాళజాతి మొక్క. దీని ఆకు మన తాటాకువలె విసనకర్ర ఆకారంలో ఉంటుంది. ఖర్జూరపు ఆకును కూడా వాడతారు. ఖర్జూరం, మన ఈతచెట్టు ఒకే ప్రజాతికి చెందినవి. ఆకును సన్నని పట్టీలుగా చీల్చి, నానబెట్టి, అడుగు మధ్యనుండి చుట్టలు చుట్టలుగా పైకి తెస్తూ, ప్రతి చుట్టను క్రింది చుట్టతో కలిపి కుడతారు. అడుగును, అంచును తోలుతో పటిష్ఠం చేస్తారు.

ఆకును నానబెట్టడం ఎందుకు? ఆకునారలో ప్రధాన పదార్థం సెల్యులోజ్. వేలాది గ్లూకోజ్ భాగాలు గొలుసుగా ఏర్పడిన పదార్థమిది. ఎండిన ఆకులో ప్రక్క ప్రక్కనున్న గొలుసులను హైడ్రోజన్ బంధాలు బిగించి ఉంచుతాయి; అందుచేత వంచితే విరుగుతుంది. నానినప్పుడు నీటి అణువులు గొలుసుల క్రమం సడలిన చోట్ల ప్రవేశించి, ఆ బంధాలను తామే అందుకొంటాయి. గొలుసులు ఒకదానిపై ఒకటి జారగలుగుతాయి, ఆకు వంగుతుంది. ఆరిన పిమ్మట బంధాలు తిరిగి ఏర్పడి, అల్లిన ఆకృతి స్థిరపడుతుంది.

పాలు కారకపోవడానికి కారణమూ నీరే. తడిసిన నార పొడవునా అంతగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. వానకాలంలో చెక్కతలుపులు బిగుసుకొనేది ఇందువల్లనే. బిగువుగా కుట్టిన చుట్టలు ఉబ్బి, సందులు మూసుకొనిపోతాయి. ప్లాస్టిక్ పాత్ర నీటిని దరిచేరనీయక పాలను నిలుపుతుంది. ఈ బుట్ట నీటిని తనలోనికి ఆహ్వానించి నిలుపుతుంది. పని తీరిన బుట్టను సూక్ష్మజీవులు మట్టిలో కలుపుతాయి, ప్లాస్టిక్‌ను కలపలేవు.

2011లో దుక్మ్‌లో ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పడింది. రోజుకు 2,30,000 పీపాల ముడిచమురును శుద్ధిచేయగల కర్మాగారం 2024లో అధికారికంగా ప్రారంభమయింది. ప్లాస్టిక్‌కు మూలం ఆ చమురే. చౌకగా లభించే బకెట్టు ముందు, ఎన్నో దినాల శ్రమతో తయారయ్యే బుట్ట నిలవడం కష్టం.

ఖర్జూర వృక్షానికి చెందిన విద్యలను, నైపుణ్యాలను ఒమాన్‌తో సహా 14 దేశాల ఉమ్మడి వారసత్వంగా యునెస్కో 2019లో గుర్తించింది. కాని గుర్తింపుతోనే విద్య నిలవదు. సెల్యులోజ్ సూత్రాన్ని గ్రంథంలో వ్రాసి దాచవచ్చు. పట్టీని ఎంత సన్నగా చీల్చాలో, ఏ తడిలో ఎంత బిగించాలో తల్లి చేతినుండి కూతురి చేతికే అందాలి. మన ఈతచాపకు, తాటాకు బుట్టకు కూడా వర్తించే సత్యమిది.