మందు మానివేత – కారణాలు: క్షయ చికిత్సలో హైదరాబాదు అనుభవం

1. ఉపోద్ఘాతం:

“రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే” అన్నది తెలుగు సామెత. రోగి ఇష్టం, వైద్యుని ఆదేశం ఒకటైనచోట చికిత్స సులువుగా సాగుతుంది. అవి వేరైనచోట మందు మానివేత మొదలవుతుంది. అభివృద్ధి చెందిన దేశాలలో సైతం దీర్ఘవ్యాధిగ్రస్తులలో సగటున 50 శాతం మందే మందులను సూచించిన ప్రకారం వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి నివేదికలో పేర్కొంది. కనుక దీనిని కేవలం నిరక్షరాస్యతకో, అజాగ్రత్తకో ముడిపెట్టడం సమంజసం కాదు. క్షయ చికిత్స ఆధారంగా ఇందుకు గల కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మానివేతకు కారణాలు:

మందులకు లొంగే క్షయకు సాధారణంగా ఆరు నెలల చికిత్స అవసరం. అయితే కొన్ని వారాలలోనే దగ్గు, జ్వరం తగ్గుముఖం పడతాయి. బాధ పోతే రోగం పోయినట్లే అన్నది లోకానుభవం. కానీ మందకొడిగా పెరిగే క్రిములు శరీరంలో ఇంకా మిగిలే ఉంటాయి. మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు. మందులకు లొంగని రూపమూ దాల్చవచ్చు. రోగికి కనబడే రుజువు, వైద్యునికి తెలిసిన సత్యం ఇక్కడ పరస్పర విరుద్ధాలు.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబారుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే రోగి భయపడి మాత్రలు ఆపే అవకాశం ఉంది. వికారం కలిగితే ‘మందు వేడి చేసింది’ అనుకోవడం మన ఇళ్లలో పరిపాటి. దినకూలీకి ఆసుపత్రి ప్రయాణమంటే ఒక రోజు కూలి పోవడమే. ఇరుగుపొరుగుకు తెలుస్తుందన్న జంకు వీటికి తోడు.

3. హైదరాబాదు అనుభవం:

1995లో నగరంలోని మహావీర్ ఆసుపత్రి ప్రభుత్వ కార్యక్రమంతో కలిసి ప్రత్యక్ష పర్యవేక్షణ చికిత్సను చేపట్టింది. రోగి తన నివాసానికి దగ్గరలోని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో మాత్రలు మింగే ఏర్పాటు ఇందులో ముఖ్యాంశం. ఇందులో పర్యవేక్షణ ఎంత ఉందో, సౌలభ్యమూ అంతే ఉంది. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు అందించడం ఆర్థిక కారణాన్ని గుర్తించిన చర్య.

మందు ధర, రూపం కూడా ఈ సమస్యలో భాగాలే. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్‌కు చవకైన తయారీ విధానాన్ని రూపొందించి సిప్లాకు అందించింది. తరువాతి కాలంలో సిప్లా మూడు హెచ్‌ఐవీ మందులను ఒకే మాత్రలో కూర్చింది. ఖర్చు, మాత్రల సంఖ్య తగ్గితే చికిత్సను కొనసాగించడం రోగికి తేలికవుతుంది.

4. ముగింపు:

మందు మానిన రోగిని ‘ఎందుకు మానావు?’ అని నిలదీయడం కంటే ‘ఏది అడ్డువచ్చింది?’ అని అడగడం ప్రయోజనకరం. మొదటి ప్రశ్నకు వచ్చేది సంజాయిషీ. రెండవదానికి వచ్చే సమాధానంలో కూలి, దూరం, భయం, జంకు వంటి అసలు కారణాలు బయటపడతాయి. వాటిని తొలగించే బాధ్యత రోగి ఒక్కడిది మాత్రమే కాదు.