దజీజ్‌లో ఫిర్యాదు, చదివే యంత్రం కథ

కువైట్ విమానాశ్రయం పక్కనే ఉన్న దజీజ్‌లో అకామా (నివాస అనుమతి) పని మీద తిరిగేవాళ్లకు టైపింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర తరచూ వినిపించే మాట, "ఫైలు కన్వర్ట్ అవుతోంది, కూర్చోండి". రాయచోటి నుంచో, రాజంపేట నుంచో, కోనసీమ నుంచో వచ్చి ఇళ్లలో, కంపెనీల్లో పనిచేసే మనిషికి ఒక పూట సెలవు దొరకడమే కష్టం. ఆ పూట కాస్తా కంప్యూటర్ తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ గడిచిపోతే కోపం రావడం న్యాయమే. డబ్బు తీసుకున్నవాడు జవాబు చెప్పి తీరాలి. కాకపోతే "ఎందుకింత ఆలస్యం?" అని గట్టిగా అడిగితే "సర్వర్ స్లో" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. సరైన ప్రశ్న వెయ్యాలంటే తెర వెనక ఏం జరుగుతోందో తెలియాలి. అక్కడ పనిచేస్తున్నది వందేళ్ల చరిత్ర ఉన్న యంత్రం.

అచ్చులో ఉన్నదాన్ని యంత్రంతో చదివించాలన్న ప్రయత్నాల్లో తొలినాటిది చూపులేనివాళ్ల కోసం జరిగింది. 1913 ప్రాంతంలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఫోర్నియర్ డాల్బ్ అనే భౌతికశాస్త్రవేత్త ఆప్టోఫోన్ తయారుచేశాడు. అచ్చు వరస మీదుగా వెలుగు జరుగుతుంటే అక్షరం ఆకారాన్ని బట్టి వేర్వేరు స్వరాలు పలికేవి. ఆ స్వరాలు విని అది ఏ అక్షరమో పోల్చుకోవలసింది మాత్రం మనిషే. 1951లో అమెరికాలో డేవిడ్ షెపర్డ్ కట్టిన 'గిస్మో' ఆ పనిని కూడా యంత్రానికి అప్పగించింది. తొలి రోజుల యంత్రాలు తమకు నేర్పిన ఒకటి రెండు అచ్చు శైలులనే చదివేవి. ఏ ఫాంట్ ఇచ్చినా చదివే ప్రోగ్రామును రే కర్జ్‌వైల్ 1974లో రాశాడు. 1976 జనవరిలో దానికి స్కానరునూ, పలికే గొంతునూ జతచేసి అంధులకు పుస్తకాలు చదివిపెట్టే యంత్రంగా లోకానికి చూపించాడు. గాయకుడు స్టీవీ వండర్ దాన్ని మొదట కొన్నవాళ్లలో ఒకడు. ఇవాళ మనం ఓసీఆర్ అంటున్నది దీని సంతానమే.

ఇదంతా రోమన్ లిపి చదువు. అరబిక్ చదువుకు కువైట్‌లోనే గట్టి పునాది పడింది. 1982లో మహమ్మద్ అల్ షారిఖ్ ఇక్కడ సఖర్ సంస్థను స్థాపించాడు. అరబిక్‌లో పనిచేసే ఇంటి కంప్యూటర్లను అరబ్బు పిల్లల చేతికి అందించిన సంస్థ అది. 1990లో ఇరాక్ దండయాత్ర తర్వాత కైరోకు తరలిపోయినా పని ఆపలేదు. అచ్చు అరబిక్‌ను చదివే సాఫ్ట్‌వేరులో పేరు తెచ్చుకుంది. అల్ షారిఖ్ 2024లో కన్నుమూశాడు. దజీజ్‌లో అరబిక్ కాగితాన్ని మెషీన్‌లో పెట్టినప్పుడు మనం తలుచుకోవలసిన పేరు అది.

అరబిక్ ఎందుకు కష్టమంటే అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. ఒకే అక్షరం మాటకు మొదట్లో ఒకలా, మధ్యలో ఇంకోలా, చివర మరోలా ఉంటుంది. రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంటే అంకెలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి ఆ అంకెలే. మన కంటికి సున్నాలా కనిపించేది అరబిక్‌లో అయిదు. అరబిక్ సున్నా అయితే ఒక చుక్క మాత్రమే. స్కానర్ అద్దం మీద ధూళి కణం పడితే యంత్రం దాన్ని సున్నాగా చదివే ప్రమాదం ఉంది. మచ్చలు తుడిచే ఏర్పాటు మరీ గట్టిగా పెడితే అసలు సున్నాయే చెరిగిపోవచ్చు.

తెలుగుకు ఇంకో రకం చిక్కు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే ఏర్పడే రూపాలు వేలల్లో ఉంటాయి. రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు అచ్చు తెలుగు అక్షరాలను కంప్యూటరుతో గుర్తించడం గురించి 1977లోనే పరిశోధన పత్రం వెలువరించారు. 2001లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, కృష్ణ మరో దారి చూపారు. అక్షరం మొత్తాన్ని ఒకేసారి గుర్తుపట్టకుండా, కాగితం మీద విడివిడిగా కనిపించే ముక్కలను పోల్చి తర్వాత కలిపారు. దాంతో వేల రూపాల బెడద కొన్ని వందల ముక్కలకు తగ్గింది. మన భాషకు ఆ రోజుల్లో ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లను తెలుగు పత్రికలు ఇంకా బాగా గుర్తుచేసుకోవాలి.

ఇక కౌంటర్ దగ్గరి ఆలస్యానికి వద్దాం. పీడీఎఫ్‌ను ఆడోబీ సంస్థ 1993లో విడుదల చేసింది. దానికి మూలమైన ఆలోచనను జాన్ వార్నాక్ 1991లో కాగితం మీద పెట్టాడు. ఏ కంప్యూటర్లో తెరిచినా పేజీ ఒకేలా కనబడాలన్నదే ఆయన పట్టుదల. అందుకని పీడీఎఫ్‌లో ప్రధానంగా ఉండేది 'ఈ ఆకారాన్ని ఈ చోట గియ్యి' అన్న ఆదేశాలు. మాటలను తిరిగి తీసుకునే ఆధారం లోపల ఉందా లేదా అన్నది ఫైలు తయారుచేసినవాళ్ల మీద ఆధారపడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టుకున్న పాత అను ఫాంట్లలో కూర్చిన తెలుగు పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మారిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు బయటపడేది అందుకే. ఇక స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో సాధారణంగా అక్షరమన్నదే ఉండదు. అది వట్టి ఫోటో.

ఆ తేడాలోనే అసలు సంగతంతా ఉంది. అక్షరాలున్న ఫైలును మార్చడం మామూలుగా క్షణాల పని. ఫోటోను చదివించడం వేరు. ఎ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల చుక్కలు వస్తాయి. 600 పెడితే దానికి నాలుగింతలు. యంత్రం ముందు వంకర సరిచెయ్యాలి, నీడలు తీసెయ్యాలి, పట్టికలను, వరసలను విడదియ్యాలి, ఆ తర్వాతే చదవాలి. పేజీలో అరబిక్, ఇంగ్లిష్ రెండూ ఉంటే రెండు రకాలుగా చదవాలి. ఊరికి దూరంగా ఎక్కడో ఉన్న సర్వరుకు ఫైలు పంపితే అక్కడి వరసలో కూడా నిలబడాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది యంత్రం నిదానం కాదు. కంప్యూటర్లో పుట్టిన పత్రాన్ని, కువైట్ ప్రభుత్వ సహెల్ యాప్ నుంచి నేరుగా దింపుకోగలిగిన కాగితాన్ని ప్రింట్ తీసి, మళ్లీ స్కాన్ చేసి, వాట్సాప్‌లో ఫోటోగా పంపి, ఆ మసక బొమ్మను యంత్రం ముందు పెడుతున్నారు. చేతిలో ఉన్న అక్షరాన్ని చెరిపేసి మళ్లీ వెతుక్కోవడం ఇది. దీనికి పట్టే సమయం కార్మికుడి జీతంలోంచి పోతోంది.

అలాగని తొందరపెట్టి, యంత్రం ఇచ్చినదాన్ని సరిచూడకుండా తీసుకోవడమూ మంచిది కాదు. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ ఒక జిరాక్స్ మెషీన్‌లో భవనం ప్లాన్ స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోయి వచ్చాయి. ఫైలు చిన్నది చెయ్యడానికి మెషీన్ ఒకేలా కనిపించే ముక్కల్లో ఒకదాని బదులు ఇంకొకటి వాడింది. ఇంకో కాగితంలో 6 ఉన్నచోట 8 వచ్చింది. అచ్చు స్పష్టంగానే ఉంటుంది కాబట్టి తేలిగ్గా అనుమానం రాదు. తర్వాత ఆ కంపెనీ సాఫ్ట్‌వేరు సవరణలు విడుదల చేసింది.

అదే పొరపాటు పాస్‌పోర్టులో జరిగితే పట్టుకునే ఏర్పాటు ఒకటుంది. ఫోటో పేజీ అడుగున 44 స్థానాల చొప్పున రెండు వరసలు ఉంటాయి. రెండో వరసలో పుట్టిన తేదీ ఆరు అంకెలు, దాని వెంటే ఒక తనిఖీ అంకె. 1985 జూన్ 14న పుట్టినవాళ్లకు అది 850614. ఈ అంకెలను వరసగా 7, 3, 1, 7, 3, 1తో హెచ్చించి కూడితే 120. చివరి అంకె 0, కాబట్టి తనిఖీ అంకె 0 ఉండాలి. యంత్రం 6ను 8గా చదివి 850814 అంటే మొత్తం 134, తనిఖీ 4. వెంటనే దొరికిపోతుంది. కువైట్ సివిల్ ఐడి నంబరులోనూ 12 అంకెల్లో మొదటిది శతాబ్దాన్ని చెబుతుంది, తర్వాతి ఆరూ పుట్టిన తేదీ, చివరిది తనిఖీ అంకె. పైన చెప్పిన మనిషి నంబరు 2850614తో మొదలవుతుంది. పాస్‌పోర్టులోని ఆరు అంకెలూ, సివిల్ ఐడిలో మొదటి అంకె తర్వాతి ఆరు అంకెలూ ఒకటేనా అని చూసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

కాబట్టి ఫిర్యాదు చేసేటప్పుడు ఫైలు మీద చెయ్యండి, కౌంటర్లో కూర్చున్న కుర్రాడి మీద వద్దు. అతనూ మనలాగే పొట్టకూటికి వచ్చినవాడు. వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఇలా పంపండి: "ఉదయం తొమ్మిదింటికి నాలుగు పేజీల పీడీఎఫ్ ఇచ్చాను. అందులో అక్షరాలు మౌస్‌తో సెలెక్ట్ అవుతున్నాయి. అయినా ప్రింట్ తీసి స్కాన్ చేశారు. నేరుగా మార్చి ఇవ్వండి. ఎప్పటికి ఇస్తారో టైము చెప్పండి. పేరు, తేదీ, నంబర్లు అసలు కాగితంతో సరిచూశాకే సబ్మిట్ చెయ్యండి." స్కాన్ తప్పనిసరైతే అద్దం తుడిచి 300లో, నిటారుగా తీయమని అడగండి. కన్వర్షన్ ఆలస్యమవుతోందని అసలు పాస్‌పోర్టును మాత్రం అక్కడ వదిలి రాకండి.