మెదడులో ఇన్సులిన్ నిరోధకత

మెదడుకు ఇన్సులిన్ అందినప్పటికీ నాడీకణాలు దానికి తగినంతగా స్పందించని స్థితిని మెదడులో ఇన్సులిన్ నిరోధకత అంటారు. రెండవ రకం మధుమేహం ఉన్నవారికి వృద్ధాప్యంలో చిత్తవైకల్యం (డిమెన్షియా) వచ్చే అవకాశం ఎక్కువని తేలడంతో ఈ అంశానికి ప్రాధాన్యం పెరిగింది.

మెదడులో ఇన్సులిన్ పాత్ర

క్లోమగ్రంథిలో తయారైన ఇన్సులిన్ రక్తం ద్వారా మెదడును చేరుతుంది. 1978లో ఎలుకల మెదడులో ఇన్సులిన్ గ్రాహకాలు ఉన్నట్లు ప్రకటించారు. నాడీకణాలు గ్లూకోజును చాలావరకు ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్రహిస్తాయి. అందువల్ల ఇక్కడ ఇన్సులిన్ ముఖ్యంగా కణాల మనుగడకు, జ్ఞాపకశక్తికి తోడ్పడే సంకేతంగా పనిచేస్తుంది.

పెరుగుదల కారకాలతో సంబంధం

ఇన్సులిన్‌ను పోలిన పెరుగుదల కారకం-1 (ఐజీఎఫ్-1) అనే ప్రోటీను నాడీకణాల ఎదుగుదలకు అవసరం. ఇన్సులిన్‌కు, దీనికి గ్రాహకాలు వేరు. కానీ ఆ రెండు గ్రాహకాలూ తమ సంకేతాన్ని ఐఆర్ఎస్-1 అనే ఒకే ప్రోటీనుకు అందిస్తాయి. అక్కడినుండి సంకేతం పీఐ3 కైనేజ్, ఏకేటీ అనే ఎంజైములకు చేరుతుంది. బీడీఎన్ఎఫ్ అనే మరొక పెరుగుదల కారకం వేరే గ్రాహకం ద్వారా పనిచేసినా, దాని సంకేతం కూడా దిగువన ఈ ఎంజైములనే చేరుతుంది.

దీర్ఘకాలిక శోథ (ఇన్‌ఫ్లమేషన్) వంటి కారణాలవల్ల ఐఆర్ఎస్-1లోని సెరీన్ స్థానాలలో ఫాస్ఫేటు అధికంగా చేరితే సంకేతం మందగిస్తుంది. అప్పుడు ఇన్సులిన్‌తో పాటు ఐజీఎఫ్-1 ప్రభావం కూడా తగ్గవచ్చు. ఏకేటీ సాధారణంగా జీఎస్‌కే-3 అనే ఎంజైమును అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు సడలితే టౌ ప్రోటీనుకు ఫాస్ఫేటు అతిగా చేరుతుంది. అల్జీమర్స్ వ్యాధిలో నాడీకణాల లోపల కనిపించే చిక్కుముడులు ఇటువంటి టౌతో ఏర్పడినవే.

పరిశోధనలు

అల్జీమర్స్‌తో మరణించిన, మధుమేహం లేనివారి మెదడు కణజాలాన్ని పరీక్షించిన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఆ కణజాలంలో ఇన్సులిన్‌కు, ఐజీఎఫ్-1కు కూడా స్పందన తగ్గినట్లు తేలింది. అయితే ఈ నిరోధకత వ్యాధికి మూలకారణమా, లేక వ్యాధి పరిణామమా అన్నది ఇటువంటి పరీక్షలతో నిర్ధారణ కాదు.

ముక్కు ద్వారా ఇన్సులిన్ ఇచ్చిన ఒక చిన్న ప్రయోగం 2012లో కొంత ఆశ కలిగించింది. 289 మందిని చేర్చుకొని జరిపిన పెద్ద ప్రయోగ ఫలితాలు 2020లో వచ్చాయి. వాటిలో ఆశించిన మేలు కనబడలేదు. సంకేతాన్ని స్వీకరించే మార్గమే దెబ్బతిన్నప్పుడు, ఇన్సులిన్‌ను అదనంగా అందించడం ఒక్కటే చాలకపోవచ్చు.

మూడవ రకం మధుమేహం

అల్జీమర్స్ వ్యాధిని కొందరు పరిశోధకులు 2005 నుండి "మూడవ రకం మధుమేహం" అని వ్యవహరిస్తున్నారు. ఇది వైద్యశాస్త్రం అధికారికంగా గుర్తించిన వ్యాధి పేరు కాదు. మధుమేహం ఉన్న ప్రతివారికీ అల్జీమర్స్ వస్తుందని గాని, అల్జీమర్స్ ఉన్నవారందరికీ మధుమేహం ఉంటుందని గాని దీని అర్థం కాదు.