మరల మరల మొలచు చర్మపు కాన్సరు – శస్త్రచికిత్స

చర్మముపై లేచిన ప్రతి గడ్డయు కాన్సరు కాదు. కాని నొప్పి లేదను ధైర్యముతో ప్రతి గడ్డను ఉపేక్షించుటయు క్షేమము కాదు. 'డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరాన్స్' అను అరుదైన చర్మపు కాన్సరు ఇందుకు ఉదాహరణము. 1924లో డారియే, ఫెర్రాన్ అను ఫ్రెంచి వైద్యులు దీనిని వర్ణించిరి. 1925లో హాఫ్మన్ దీనికి ఈ పేరు పెట్టెను.

లక్షణములు

ఇది యెక్కువగా 20 మొదలు 50 సంవత్సరముల వయస్సు వారికి, ఛాతీ, వీపు, భుజముల వంటి చోట్ల కలుగును. మొదట గట్టి మచ్చవలె నుండి, ఏండ్ల తరబడి మెల్లగా పెరిగి, బొడిపెలుగా లేచును. తరచుగా నొప్పి యుండదు. అందుచే దీనిని పాత గాయపు మచ్చ యనియో, కొవ్వుగడ్డ యనియో పొరబడుదురు. ఇది అంటువ్యాధి కాదు. 17, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుకుకొనుటచే, పెరుగుమను ఆజ్ఞ ఆ కణములకు ఎడతెగక అందుచుండును.

తిరిగి వచ్చుట ఏల?

పైకి కనిపించు గడ్డ చెట్టు మొదలు వంటిది. దాని వేళ్ళవంటి పోగులు చర్మము క్రింది కొవ్వులోనికి కంటికి కనబడక ప్రాకియుండును. గడ్డను మాత్రమే కోసివేసినచో, మిగిలిన పోగుల నుండి అది మరల మొలచును. ఇతర అవయవములకు వ్యాపించుట నూటికి అయిదుగురి కంటె తక్కువ మందిలోనే జరుగును. అయినను తిరిగి వచ్చిన కొలది చికిత్స కష్టతరమగును. కావున మొదటి శస్త్రచికిత్సయే ముఖ్యము.

శస్త్రచికిత్స

ముందుగా చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. దీనినే బయాప్సీ యందురు. వ్యాధి నిర్ధారణయైన పిదప, గడ్డ చుట్టును సాధారణముగా 2 మొదలు 3 సెంటీమీటర్ల మేర మంచి చర్మమును, అడుగున కండరముపై నుండు పొరను చేర్చి తొలగింతురు. ముఖము వంటి చోట్ల అంత మేర తీయుట కష్టము. అచ్చట, అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ మోస్ 1930 దశకమున ప్రారంభించిన పద్ధతి ఉపకరించును. పలుచని పొరగా తీసి, దాని అంచులన్నియు పరీక్షించి, రోగకణములు మిగిలిన చోటనే మరల తీయుదురు. పుండు పెద్దదైనచో వేరొక చోటి చర్మమును తెచ్చి కప్పుదురు. శస్త్రచికిత్సకు వీలులేని వారికి 'ఇమాటినిబ్' మాత్రలు కలవు. 2006లో అమెరికా ఈ వ్యాధికి వాటిని అనుమతించెను.

గమనింపవలసినవి

గడ్డను కాల్చుట, పసరులు పూయుట వలన కాలము వ్యర్థమగును. ఎంత చిన్న గడ్డను తీయించుకొన్నను, దానిని పరీక్షకు పంపవలెనని వైద్యుని కోరుడు. ఆ నివేదికను భద్రపరచుకొనుడు. ఈ వ్యాధి తిరిగి వచ్చుట మొదటి మూడేండ్లలో అధికము. చాల కాలమునకు వచ్చుటయు కలదు. కావున గాయము మానినను, వైద్యుడు చెప్పిన గడువులకు తప్పక చూపించుకొనవలెను. మచ్చ వద్ద క్రొత్త గట్టిదనము తగిలినచో ఆ గడువు కొరకు వేచియుండరాదు.